చెంప ఆనే చోటు

ఫ్రిస్కో, జూన్

ప్రసూనత్తా,

మా ఇంట్లో నన్ను తప్పుగా అర్థం చేసుకోవడంలో ఇప్పుడు పెద్ద పోటీయే నడుస్తోంది. ఎవడో నా వెంటపడుతున్నాడని, ఆ భయంతోనే నేను తుపాకీ కొనుక్కున్నానని అమ్మ అనుమానం. ఆఫీసులో టెక్సాస్ వాళ్లెవరో నా బుర్ర మార్చేశారని నాన్న నమ్మకం. "గ్రీన్‌కార్డ్ చేతికొచ్చి ఏడాది కాలేదు, అప్పుడే నీకిదేం పిచ్చి?" అంటున్నాడు. మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో నాన్న స్నేహితుడు మల్లికార్జునరావు అంకుల్ సమోసా ప్లేటుతో సహా నన్ను మూలకి తీసుకెళ్లి, "డిప్రెషనా తల్లీ? సిగ్గుపడకు, ఈ రోజుల్లో అందరికీ ఉంటుంది" అన్నాడు. లేదంకుల్, రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాను అన్నాను. "అదే, ఎందుకు అని!" అన్నాడు, చాలా దయగా.

ఎలా ఆడుతున్నావే అని మాత్రం ఒక్కరూ అడగలేదు. టెన్నిస్ బ్యాట్ కొనుంటే అడిగేవాళ్లు.

నీకు ఫోన్ చేయొచ్చు. కానీ నా గొంతు వినపడగానే అమ్మ వచ్చి స్పీకర్‌లో పెట్టమంటుంది. మా ఇంట్లో ఫోనంటే గుడి మైకే. అందుకే కాగితం. గుంటూరులో నాకు ఎనిమిదో క్లాసు దాకా తెలుగు చెప్పింది నువ్వే కాబట్టి తప్పులుంటే అవి నీ లెక్కలోకే వస్తాయి.

సంగతి ఏమిటంటే, ఇక్కడికి పడమరగా ఒక పశువుల రాంచ్‌లో నెలకోసారి పోటీ జరుగుతుంది. ఎక్కడో దూరాన, ఎండలో అల్లాడే గాలి వెనక, చిన్న ఇనప పళ్లెం వేలాడదీస్తారు. డ్రమ్ము మీదనో, నిచ్చెన మెట్టు మీదనో రైఫిల్ ఆనించి కొట్టాలి. తగిలితే టంగుమని ఒక చప్పుడు, అది కూడా ఆలస్యంగా వినిపిస్తుంది. ఆ కాసేపూ నా బుర్రలో ఆఫీసు పంపుల టెస్ట్ రిపోర్టులుండవు, పెళ్లి సంబంధాలుండవు. అంతే అత్తా. ఇంతకంటే రహస్యం లేదు.

నన్ను వేధిస్తున్నది వేరే. రైఫిల్ బాగానే ఉంది, స్టాక్ నాకు సరిపోవడం లేదు. స్టాక్ అంటే గొట్టం, యంత్రం అన్నీ కూర్చునే ఒడి, భుజానికి ఆనుకునే భాగం. కంపెనీ ఇచ్చింది ఆరడుగుల మగవాడి కొలత. నేను మెడ సాచి, గడ్డం ఎత్తి, అమ్మ పాత యోగా మ్యాట్ ముక్కలు చెంప కింద అతికించుకుని గురి చూసే స్కోప్‌లోకి తొంగి చూడాల్సి వస్తోంది. పేల్చిన ప్రతిసారీ అది భుజం వదిలేసి ఎముక మీద తంతోంది.

దాన్ని తీసేసి చాసిస్ వేయించాలి. చాసిస్ అంటే గట్టి అల్యూమినియం చట్రం. దాంట్లో వెనక పొడవు, చెంప ఎత్తు, పట్టు, అన్నీ నా ఒంటికి తగ్గట్టు మరలు తిప్పుకోవచ్చు. నా మనసు మూడింటి మీద కొట్టుకుంటోంది. ఒకటి నిటారుగా ఉండేది, బరువు, కదలమన్నా కదలదు. ఇంకోటి వెనక భాగం కీలు దగ్గర మడతపడేది. మడిస్తే సగం పొడవు, యోగా మ్యాట్ సంచిలో పట్టేస్తుంది. పక్కింటి రష్మి ఆంటీ కంట పడకూడదని అమ్మ పెట్టిన షరతుకి అదే సరి. మూడోది చాసిస్ కాదు, చెక్క స్టాక్. దానికీ చెంప ఎత్తు మార్చుకోవచ్చు. "నల్లది వద్దే, మిలిటరీ దానిలా ఉంది. చెక్కదైతే కనీసం ఫర్నిచర్‌లా ఉంటుంది" అని అమ్మ.

నువ్వు చెబితే నాన్న వింటాడు. ఏది తీసుకోమంటావో చెప్పక్కర్లేదు, నేను మామూలుగానే ఉన్నానని చెప్పు చాలు.

నీ
స్మృతి


షాంటిలీ, జూన్

చి. స్మృతికి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరంలో ఒత్తులు బాగానే ఉన్నాయి, వంకరగా ఉన్నది నీ కోపమే. అన్నయ్యతో మాట్లాడతాను.

స్టాక్ సంగతి. బట్, అంటే స్టాక్ వెనక కొస, భుజం గుంటలో కూర్చోవాలి తప్ప ఎముక మీద కాదు. మెడ సాచావంటే రెండో గుండుకే గురి చెదురుతుంది. చెంప వెళ్లి చెక్క మీద వాలకూడదు, చెక్కే వచ్చి చెంపకి ఆనాలి. కాబట్టి మార్చాలన్నది నిజమే.

కానీ మడతపడేది వద్దమ్మా. మడిస్తే ఎంత పొడవుంటుంది? సూట్‌కేసులో పడుతుందా? అంత చిన్నదైతే ఎవరైనా ఎక్కడికైనా తీసుకుపోవచ్చు కదా. ఇప్పుడు ఎక్కడ పెడుతున్నావు? మంచం కిందా, బట్టల క్లాజెట్‌లోనా? తాళం ఉందా? తూటాలు దాంతోపాటే ఉంటాయా? తాళం ఎవరి దగ్గర? ఇవన్నీ రాయి. నాకు చెక్కదే మంచిదనిపిస్తోంది. లేదా కొన్నాళ్లు ఆగు. ఒక ఏడాది ఆగితే ఏం పోయింది?

మరో విషయం. ఆగస్టులో మా వర్ష మీ ఇంటికొస్తోంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో కొన్ని క్రెడిట్లు చేస్తుంది. ఇక్కడి కాలేజీ దానికి పడలేదు. చలి కూడా. నువ్వంటే దానికి చిన్నప్పటి నుంచీ వెర్రి. దాన్ని కాస్త బయట తిప్పు.

ప్రేమతో
అత్త


ఫ్రిస్కో, ఆగస్టు

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి గంతులేశాను, ఇంట్లో ఒక్కరికైనా నా స్టాక్ మీద ఆసక్తి ఉందని. రెండోసారి చదివితే, "చెక్కే వచ్చి చెంపకి ఆనాలి" అన్న దగ్గర ఆగిపోయాను. ఆదివారాలు పిల్లలకి అఆలు నేర్పే మా అత్తకి ఇదెలా తెలుసు? తర్వాత చూస్తే అసలు నీ ఉత్తరంలో స్టాక్ గురించి నాలుగు ముక్కలు, మిగతాదంతా తాళం గురించే.

నీ ప్రశ్నలకి జవాబులు. క్లాజెట్‌లో, ప్లాస్టిక్ పెట్టెలో. చిన్న తాళం ఉంది. తూటాలు నా కార్ డిక్కీలో. సరేనా? ఇప్పుడు నా వంతు.

వర్షకి ఏమైంది?

వచ్చి రెండు వారాలైంది. ఎయిర్‌పోర్ట్‌లో నన్ను చూసి "వదినా!" అని అరిచి వాటేసుకుంది, ఇండియా బజార్లో మామిడికాయ పచ్చళ్ల ముందు నిలబడి తెగ నవ్వించింది. కానీ దాని గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. అది తెరిచి పెట్టుకోలేదు, ఎవరూ మూయనివ్వడం లేదు. నాన్న దాని బాత్‌రూమ్ గడియ ఊడదీశాడు, "లూజయింది" అన్నాడు. లూజయితే బిగించే మనిషి కదా నాన్న! పొద్దున్నే ఒక మాత్ర అమ్మ అరచేతిలో పెట్టిస్తుంది. విటమిన్ డి అట. అది మింగేదాకా అమ్మ అక్కడి నుంచి కదలదు. నాకెప్పుడూ విటమిన్లు అలా ఇవ్వలేదు.

రైఫిల్ శుభ్రం చేసుకుంటుంటే కార్పెట్ మీద నా పక్కన కూర్చుంటుంది. "ఇదేంటి వదినా? ఇదెందుకు వెనక్కి వస్తుంది?" అని అడిగింది. బోల్ట్ అని చెప్పాను. ఇది తీసేస్తే రైఫిల్ వట్టి గొట్టమే అని, తీసి దాని చేతిలో పెట్టాను. కాసేపు బరువు చూసి, మళ్లీ సరిగ్గా దాని చోట్లో పెట్టేసింది. చూడగానే వచ్చేసింది దానికి. వచ్చాక అది తనంతట తాను ఏదైనా అడగడం అదే మొదలు, నేనెంత సంబరపడ్డానో!

అది చూసి గుమ్మంలో నిలబడ్డ అమ్మ మొహం చూడాలి. ఆ మొహమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పోటీలో చివరి నుంచి చూస్తే ముందే ఉన్నాను. ఒకావిడ తన చాసిస్ రైఫిల్ ఇచ్చి పడుకుని చూడమంది. నాకు తగ్గట్టు మరలు తిప్పింది. కళ్లు మూసుకుని చెంప ఆనించి, తెరిస్తే, ఎదురుగా పళ్లెం! వెతుక్కోనక్కర్లేదు. ఒక వస్తువు నన్ను సర్దుకోమనకుండా తనే సర్దుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి అనిపించింది. మడతపడేది తీసుకుందామని దాదాపు నిర్ణయించుకున్నాను.

నాకు నిజం రాయి.

స్మృతి


షాంటిలీ, ఆగస్టు

స్మృతీ,

ఫిబ్రవరిలో, కాలేజీ డార్మ్‌లో. రూమ్మేట్ ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చింది కాబట్టి వర్ష ఈ రోజు మీ ఇంట్లో ఉంది. ఇంతకంటే నేను రాయలేను, నువ్వు అడగకు.

అన్నయ్యకీ వదినకీ తెలుసు. నీకు చెప్పొద్దన్నది నేనే. తెలిస్తే నువ్వు దాన్ని జాగ్రత్తగా చూడడం మొదలుపెడతావు. జాగ్రత్తగా చూసేవాళ్లతో దానికి ఊపిరాడడం లేదు. ఇక్కడ నేనలాగే చూసి చూసి కన్న కూతుర్ని నా ఇంట్లోంచే తరిమేశాను. మామూలుగా మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉండాలని నిన్ను వదిలేశాను.

రైఫిల్ సంగతి అంటావా. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు నేను ఎన్.సి.సి.లో ఉన్నాను. క్యాంపుల్లో పాయింట్ టూటూ రైఫిల్ పేల్చేదాన్ని. బాగా పేల్చేదాన్ని. ఆ రైఫిళ్లు కూడా మగపిల్లల కొలతవే, మేం దుప్పటి మడిచి భుజం దగ్గర పెట్టుకునేవాళ్లం. ఎవరూ వద్దనలేదు, ఏ కథా లేదు. డిగ్రీ అయిపోయింది, అదీ అయిపోయింది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నా చెంపకి ఆ చెక్క తగిలినట్టనిపించింది. ఆ వెంటనే భయమేసింది. రెండూ నిజమే.

ఎవడో నీ వెంటపడుతున్నాడని మీ అమ్మ నిజంగా ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ నీ క్లాజెట్ వైపు చూసినప్పుడల్లా వర్ష కోసం చూసింది. వర్ష వస్తుందని తనకి మే నెలలోనే తెలుసు.

ఆ రైఫిల్ అమ్మేయి తల్లీ. నిన్ను ఇంతకు ముందు ఏమీ అడగలేదు నేను.

అత్త


ఫ్రిస్కో, సెప్టెంబర్

అత్తా,

ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పప్పన్నం తింటున్నాం. నాన్నకి తెలుసు, అమ్మకి తెలుసు, వర్షకి తెలుసు. నేనొక్కదాన్నే పోటీ కబుర్లు, దూరాలు, గాలి లెక్కలు చెబుతున్నాను. ఆ బోల్ట్ దాని చేతిలో పెట్టింది నేను. తెలిసుంటే పెట్టేదాన్నా? నువ్వు మామూలు మనిషిని కావాలనుకున్నావు. నీక్కావలసింది ఏమీ తెలియని మనిషి.

కోపంగానే ఉంది. కానీ అది పక్కన పెట్టి చేయాల్సింది చేశాను. ఉక్కు సేఫ్ కొన్నాను, నిలువెత్తుది, గోడకి బోల్టులు వేయించాను. నంబర్ తాళం. ఇంట్లో గరాజ్‌కీ, అలారానికీ, ఐప్యాడ్‌కీ అందరికీ తెలిసిన ఒకే నంబర్ ఉంది కదా, అది పెట్టలేదు. కొత్తది పెట్టాను. "ఇంట్లో ఉన్న తాళం ఇంటి పెద్దకి తెలియకపోతే ఎలా? రేపు నీకేమైనా అయితే?" అని నాన్న ఒక పూటంతా అన్నం ముట్టలేదు. ఆయనొక్కడికే చెప్పాను. రైఫిల్ బోల్ట్ తీసి నా డ్రాయర్‌లో వేరేగా పెడుతున్నాను.

చాసిస్ కూడా కొన్నాను. నిటారుది, మడతపడనిది. మడతపడేదాన్ని దాచుకోవచ్చు కాబట్టే ఇష్టపడ్డానని నీ ఉత్తరం చదివాక తెలిసింది. ఈ ఇంట్లో దాచిపెట్టినవి ఇప్పటికే ఎక్కువయ్యాయి. చెక్కది వద్దనుకున్నాను. అదేమిటో అది కనిపించాలి, ఫర్నిచర్‌లా కాదు. ఊళ్లో తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ బిగించి ఇచ్చాడు. చెంప ఆనే చోటు సరిగ్గా నా చెంపకే వస్తుంది.

రైఫిల్ అమ్మను. ఇంత జాగ్రత్త చాలు.

స్మృతి


ఫ్రిస్కో, అక్టోబర్

అత్తా,

చాలలేదు.

శనివారం పొద్దున్న పోటీకి బయల్దేరుతూ డ్రాయర్ తీశాను. బోల్ట్ లేదు. సాక్సులన్నీ నేల మీద గుమ్మరించాను. లేదు. అత్తా, నేను సేఫ్ దగ్గరికి వెళ్లలేదు. ముందు వర్ష గదికి పరిగెత్తాను. ఆ హాల్ ఎంత పొడవో నాకు ఆ రోజు తెలిసింది. దుప్పటి ముసుగుతన్ని ఉంది. లాగాను. "వాట్ ద... వదినా!" అని తిట్టింది. ఆ తిట్టు విన్నాకే దుప్పటి వదిలాను.

తర్వాత సేఫ్ తెరిచాను. రైఫిల్ ఉంది. బోల్ట్ దాంట్లోనే ఉంది, సరిగ్గా, పూర్తిగా మూసి. చెంప ఆనే చోట పసుపు, మీద కుంకుమ బొట్టు. గొట్టం మీద వాడిపోయిన చామంతి.

వంటింట్లోకి వెళ్లి అమ్మని అడిగాను. దోసె తిప్పుతూ చెప్పింది.

"ఆయుధ పూజ కదే గురువారం! నువ్వు ఆఫీస్‌కి పోయావు. మీ నాన్న కార్ కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు, లాప్‌టాప్‌లకి బొట్లు పెట్టాం. ఇంట్లో అసలు ఆయుధాన్ని వదిలేసి లాప్‌టాప్‌కి పూజేంటండీ అన్నాను. నీకిష్టమైన వస్తువు కదా. ఎన్నాళ్లని ముఖం తిప్పుకుంటాను?"

"నంబర్ నీకెవరు చెప్పారు?"

"మీ నాన్న. నా చేతికి పసుపుంటే వర్ష నొక్కింది. నేను పైకి చెప్పాను, అది నొక్కింది."

"బోల్ట్?"

"ముక్కలుగా ఉన్నదానికి పూజేం చేస్తామే, అశుభం. నీ డ్రాయర్‌లో ఉందని వర్షే చెప్పింది. దానికి పెట్టడం వచ్చు."

అమ్మ గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. తను ఏం చెప్పిందో తన చెవులతో తనే విన్నట్టుంది. దోసె మాడిపోయింది. "నేను... పండగని..." అంది. "అది నవ్వుతూ చేసింది స్మృతీ. చాలా రోజులకి నవ్వుతూ చేసింది." పసుపు అంటిన కొంగుతోనే కళ్లు తుడుచుకుంది.

ఇన్నాళ్లూ నా ఇష్టాన్ని అమ్మ ఒప్పుకోవాలని ఎదురుచూశాను. ఒప్పుకుంది. అది ఇలా వచ్చింది.

ఇంట్లో ఉండలేక పోటీకి వెళ్లాను. పసుపు తుడిచాను కానీ మరల సందుల్లో కుంకుమ మిగిలిందేమో, మొదటి గుండు పేల్చి తలెత్తితే పక్కనున్నావిడ "నీ చెంపకి రక్తం!" అని కంగారుపడింది. కాదు, పండగ అన్నాను. ఒక్క పళ్లెమూ తగల్లేదు. తిరిగొస్తూ రైఫిల్‌ని గన్‌స్మిత్ దగ్గర వదిలేసి వచ్చాను, ప్రస్తుతానికి.

ఆ సాయంత్రం వర్షని కార్‌లో ఎక్కించుకుని ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఆపాను. నాకు తెలుసని చెప్పాను. "ఫైనల్లీ!" అంది. "వదినా, ఇంట్లో కత్తులు కూడా కౌంట్ చేస్తున్నారు. నాకు తెలీదనుకుంటున్నారు." ఆ రోజు సేఫ్ దగ్గర ఏమనిపించింది అని అడిగాను.

"ఆ రోజు ఏం అనిపించలేదు. ఫన్ ఉంది. అత్త సాంగ్ పాడింది. బట్ నాకు అన్ని రోజులు సేమ్ కాదు. ఆ నంబర్ ఇప్పుడు నా హెడ్‌లో ఉంది. నువ్వు చేంజ్ చేస్తే మామయ్య మళ్లీ అడుగుతాడు, నువ్వు మళ్లీ చెప్తావు. అది ఇంట్లో వద్దు వదినా."

"అమ్మేయనా?"

"నో! నా కోసం సెల్ చేస్తే నేను అది కూడా క్యారీ చేయాలి. ఆల్రెడీ హెవీగా ఉంది."

అత్తా, ఈ ఇంట్లో ఇన్ని నెలల్లో తిన్నగా మాట్లాడిన మొదటి మనిషి అదే.

స్మృతి


షాంటిలీ, అక్టోబర్

స్మృతీ,

నీ ఉత్తరం చదవగానే టికెట్ బుక్ చేశాను, వచ్చి వర్షని తీసుకెళ్లిపోతాను. మీ అమ్మని ఏమీ అనకు. ఆవిడ చేసింది నేనైనా చేసేదాన్ని, నా చేతికీ పసుపే ఉండేది.

వర్ష అమ్మొద్దు అన్నా నువ్వు అమ్మాలి. అది పిల్ల. ఒక ఇనప వస్తువు కోసం ఇంత ఆలోచనేంటి? చెంప ఆనే చోటు నాకూ తెలుసు. వదిలేస్తే మర్చిపోతాం. నేను మర్చిపోయాను.

అత్త


ఫ్రిస్కో, అక్టోబర్

అత్తా,

నువ్వు మర్చిపోలేదు. దుప్పటి మడిచి భుజం దగ్గర పెట్టుకోవడం కూడా గుర్తుంది నీకు.

టికెట్ క్యాన్సిల్ చేయొద్దు, రా. కానీ వర్షని తీసుకెళ్లడానికి కాదు. దానికిక్కడ కాలేజీ కుదిరింది, డాక్టర్ కుదిరింది. శుక్రవారాలు తనే డ్రైవ్ చేసుకుని వెళ్తోంది. అమ్మ మాత్ర చేతిలో పెట్టడం మానేసి టేబుల్ మీద పెడుతోంది. మళ్లీ పెట్టెలు సర్దించకు.

కాపెల్‌లో ఆఫీసుకి దగ్గరగా అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. పెళ్లి కాకుండా ఒక్కదానివే ఏంటని అమ్మ ఏడుస్తోంది. నలుగురికీ ఏం చెప్పుకోవాలని నాన్న అడిగాడు. ఉన్నది చెప్పమన్నాను. నా గది వర్ష తీసుకుంటుంది, దానికి తలుపుంది, గడియ ఉంది. డాక్టర్ సరేనంది. నాన్నే బిగించాడు.

రైఫిల్ అమ్మను. చాసిస్ మార్చను. శనివారం గన్‌స్మిత్ దగ్గర నుంచి దాన్ని తీసుకుని తిన్నగా కొత్త ఇంటికి వెళ్తున్నాను. సేఫ్ ముందే చేరింది.

ప్రతి ఆదివారం భోజనానికి ఇక్కడికి నేనే వస్తాను. అక్కడికి ఎవరూ రారు. ఆ ఇంటి తాళం ఎవరికీ ఇవ్వను, సేఫ్ నంబర్ నాన్నకి చెప్పను, అమ్మకి చెప్పను, నీకు చెప్పను. వర్షకి చెప్పను. ఆ మాట దాని ముఖం మీదే చెప్పాను.

స్మృతి